ఏడో అధ్యాయం: వచ్చినంత ఆటతోనే వెళ్ళండి

ఆక్లాండ్ సిటీ సెంటర్‌లో ఉద్యోగం చేసుకుంటున్న మనవాళ్ళలో ఎవరినైనా వారం ఎలా గడుస్తోందని అడగండి. ఐదు రోజులు ఆఫీసు. శనివారం శాండ్రింగ్‌హామ్‌లో కూరగాయలు, సరుకులు. ఆదివారం తెలిసినవాళ్ళింట్లో భోజనం, లేకపోతే పిల్లల్ని క్లాసులకి తిప్పడం. ఉగాదికీ, బతుకమ్మకీ సంఘం వాళ్ళ కార్యక్రమం. ఇది మంచి జీవితమే. కానీ వచ్చి ఐదారేళ్ళయినా ఈ ఊరివాళ్ళలో మనసువిప్పి మాట్లాడే స్నేహితుడు ఒక్కడూ లేడన్న సంగతి చాలామందిని లోలోపల తొలుస్తూ ఉంటుంది. ఆఫీసులో పలకరింపులకి కొదవ లేదు, అవి లిఫ్టు దిగేదాకానే.

కొత్త ఊళ్ళో మనిషికి చోటు దొరకాలంటే వారం వారం ఒకే చోటికి, ఒకే వేళకి, అవే మనుషుల మధ్యకి వెళ్తూ ఉండాలి. ఆ చోటు గుడి కావచ్చు, క్రికెట్ జట్టు కావచ్చు. ఈ అధ్యాయంలో నేను గోల్ఫ్ క్లబ్బు గురించి చెబుతాను. ముక్కూమొహం తెలియని ముగ్గురితో కలిసి నడుస్తూ, తీరిగ్గా మాట్లాడుకుంటూ నాలుగు గంటలు గడపగలిగే ఆట ఇది. ముప్ఫైలో మొదలుపెట్టినా సాగుతుంది, అరవైలో మొదలుపెట్టినా సాగుతుంది.

"గోల్ఫ్ మనలాంటివాళ్ళకి కాదు" అనే మాట వెంటనే వస్తుంది. అలా అనిపించడానికి కారణం ఉంది. గోల్కొండ కోట నయా ఖిల్లా దగ్గర హైదరాబాద్ గోల్ఫ్ క్లబ్బునీ, గచ్చిబౌలిలో బౌల్డర్ హిల్స్‌నీ, విశాఖలో ఈస్ట్ పాయింట్‌నీ మనం గోడ బయటి నుంచే చూశాం. పెద్ద ఆఫీసర్లూ వ్యాపారవేత్తలూ ఆడే ఆటగానే అది మనకి తెలుసు. న్యూజిలాండ్‌లో లెక్క వేరు. యాభై లక్షల పైచిలుకు జనాభా ఉన్న ఈ దేశంలో దాదాపు 400 గోల్ఫ్ కోర్సులున్నాయి. ప్లంబరూ ఆడతాడు, బడిపంతులూ ఆడతాడు, రిటైరైన నర్సూ ఆడుతుంది.

ఆ అడ్డు తొలగినా ఇంకొకటి మిగులుతుంది: "ముందు కాస్త ఆట నేర్చుకుని, అప్పుడు క్లబ్బుకి వెళ్తాను." ఈ ఒక్క మాటతో ఏళ్ళు గడిచిపోతాయి. దాన్ని మీ మనసులోంచి తీసేయడానికే ఈ అధ్యాయం. వచ్చినంత ఆటతోనే వెళ్ళండి. రానివాళ్ళకి చోటిచ్చే ఏర్పాటు ఈ ఆట నియమాల్లోనే ఉంది.

మంచి రోజుల్నే లెక్కపెట్టే ఆట

గోల్ఫ్‌లో ప్రతి ఆటగాడికీ హ్యాండిక్యాప్ అనే అంకె ఒకటి ఉంటుంది. బాగా ఆడేవాళ్ళకి తక్కువ, కొత్తవాళ్ళకి ఎక్కువ. 2020లో ప్రపంచమంతటికీ ఒకే పద్ధతి వచ్చింది. ఆడవాళ్ళకైనా మగవాళ్ళకైనా ఈ అంకె గరిష్ఠంగా 54. కోర్సులో ఒక్కో కన్నం దాకా ఆడే భాగాన్ని హోల్ అంటారు. క్లబ్బులో చేరి మొత్తం 54 హోల్స్ స్కోర్లు, అంటే 18 హోల్స్ ఆటలు మూడో, 9 హోల్స్ ఆటలు ఆరో ఇస్తే మీ అంకె మీకు వస్తుంది.

దీని లోపలి లెక్క ఒకసారి చూడండి. మీరు ఆడిన చివరి 20 ఆటల్లో బాగా ఆడిన 8 ఆటల్నే సగటు తీస్తారు. మిగతా 12 పక్కన పెడతారు. ఒక హోల్‌లో బంతి చెరువులో పడి, చెట్ల వెనక ఇరుక్కుని మీరు పదిహేను కొట్టినా, హ్యాండిక్యాప్ లెక్కలో ఆ హోల్‌కి ఒక పరిమితి దాటి రాయరు. మీ చెడ్డ రోజుతో ఈ ఆట మిమ్మల్ని కొలవదు.

ఇప్పుడు స్టేబుల్‌ఫోర్డ్ పద్ధతి చూద్దాం. ఫ్రాంక్ స్టేబుల్‌ఫోర్డ్ అనే ఇంగ్లండ్ డాక్టరు కనిపెట్టిన పాయింట్ల లెక్క ఇది. 1932 నుంచి వాడుకలో ఉంది, ఇక్కడి క్లబ్బుల్లో వారాంతపు పోటీలు ఎక్కువగా దీని మీదే జరుగుతాయి. మీ హ్యాండిక్యాప్ 54 అనుకోండి. 18 హోల్స్‌కి పంచితే హోల్‌కి 3 దెబ్బలు అదనంగా వస్తాయి. పార్ 4 హోల్‌లో, అంటే నాలుగు దెబ్బల్లో ముగించాల్సిన హోల్‌లో, మీరు 7 కొట్టారు. 3 తీసేస్తే 4. అంటే పార్ కొట్టినట్టే, 2 పాయింట్లు. 8 కొడితే 1 పాయింటు. 8 దెబ్బలైనా బంతి ఇంకా కన్నంలో పడకపోతే ఆ హోల్‌లో ఇక పాయింట్లు లేవు. బంతిని చేత్తో తీసుకుని జేబులో వేసుకుని తర్వాతి హోల్‌కి నడవడమే. పక్కవాళ్ళు ఏమీ అనుకోరు, ఆట సాగిపోతున్నందుకు సంతోషిస్తారు. అదే హోల్‌లో హ్యాండిక్యాప్ 5 ఉన్న మనిషికి అదనపు దెబ్బ దొరక్కపోతే, 2 పాయింట్ల కోసం అతను నిజంగానే 4 కొట్టాలి. ఇలా ఇరవై ఏళ్ళ అనుభవం ఉన్నవాడూ ఇవాళే వచ్చినవాడూ ఒకే పోటీలో సమంగా నిలబడతారు. కోర్సు కష్టాన్ని బట్టి మీ అంకె కాస్త మారుతుంది, ఆ లెక్క క్లబ్బువాళ్ళే చూసుకుంటారు.

ఆట మొదలుపెట్టకముందే, ఇరవైలో ఎనిమిదినే లెక్కపెట్టే ఆ పద్ధతిలోంచి ఒక అలవాటు తీసుకోవచ్చు. ఇంగ్లిష్‌లో ఎవరితోనైనా మాట్లాడిన చివరి 20 సందర్భాలు గుర్తు తెచ్చుకోండి. తడబడినవే ముందు గుర్తొస్తాయి. బాగా సాగిన ఎనిమిదింటిని పట్టి పట్టి కాగితం మీద రాయండి. మీ స్థాయి ఏమిటో ఆ ఎనిమిదే చెబుతాయి.

ఎక్కడ మొదలుపెట్టాలి

మొదటి మెట్టు చాంబర్లేన్ పార్క్. సిటీ సెంటర్‌కి పడమటి వైపు, మౌంట్ ఆల్బర్ట్ దగ్గర, నార్త్‌వెస్టర్న్ మోటార్‌వే పక్కనే ఉంటుంది. ఆక్లాండ్ కౌన్సిల్‌ది, 18 హోల్స్. సభ్యత్వం అక్కర్లేదు, రుసుము కట్టి ఎవరైనా ఆడొచ్చు. శాండ్రింగ్‌హామ్‌లో సరుకులు కొనుక్కునే మనకి అది దగ్గరే. కొన్నేళ్ళ కిందట దాన్ని కుదించాలన్న ప్రతిపాదన వచ్చి ఊళ్ళో పెద్ద చర్చే జరిగింది. ప్రజల కోర్సులు నిలవాలంటే ప్రజలు వాటిని వాడుకోవాలి. మీరు అక్కడ ఆడటమూ అందులో భాగమే.

హార్బర్ బ్రిడ్జి దాటితే టకపునలో ఏ.ఎఫ్. థామస్ పార్క్‌లో మరో పబ్లిక్ కోర్సు ఉంది. 2023 జనవరి 27 వరదల తర్వాత ఆ నేలను వరదనీటి నిల్వకు వాడుకోవాలని కౌన్సిల్ తలపెట్టింది. అందుకని బయలుదేరే ముందు ఫోన్ చేసి ఏమేం తెరిచి ఉన్నాయో కనుక్కోండి.

కారు లేకపోతే దిగులు పడకండి. క్వీన్ స్ట్రీట్ చివర్న ఫెర్రీ ఎక్కితే పన్నెండు నిమిషాల్లో డెవన్‌పోర్ట్‌లో దిగుతారు. వైటెమాటా గోల్ఫ్ క్లబ్బు ఆ ఊళ్ళోనే ఉంది. మౌంట్ రాస్కిల్ వైపు ఉండేవాళ్ళకి అకరానా, మౌంగకీఎకీఎ క్లబ్బులు దగ్గర. కాస్త ఆట కుదిరాక ఒక్కసారైనా టిటిరాంగి చూడండి. అమెరికాలోని ఆగస్టా నేషనల్‌కి బాబీ జోన్స్‌తో కలిసి రూపం ఇచ్చిన అలిస్టర్ మెకెంజీ, అంతకుముందే 1927లో ఇక్కడికి వచ్చి టిటిరాంగి కోర్సుకి నమూనా గీశాడు.

పిల్లలున్నవాళ్ళకి ఒక మాట. లిడియా కో దక్షిణ కొరియాలో 1997లో పుట్టింది. చిన్నతనంలోనే ఆ కుటుంబం న్యూజిలాండ్‌కి వలస వచ్చింది. నార్త్ షోర్‌లోని పుపుకే గోల్ఫ్ క్లబ్బులో ఐదేళ్ళ వయసులో ఆమె ఆట మొదలైంది. 2015లో పదిహేడేళ్ళకే ప్రపంచ నంబర్ వన్ అయింది. రియోలో రజతం, టోక్యోలో కాంస్యం, 2024 పారిస్‌లో స్వర్ణం గెలిచింది. మన పిల్లలందరూ అలా అవుతారని కాదు. వలస వచ్చిన ఇంటి పిల్లకి కూడా ఈ ఊరి క్లబ్బు తలుపు తెరిచే ఉందని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

క్లబ్బు కబుర్లు చదవడం నేర్చుకోండి

క్లబ్బులు నోటీసు బోర్డులోనూ వారపు మెయిల్‌లోనూ కబుర్లు పంపిస్తాయి. కొత్తవాళ్ళు వాటిని సభ్యుల సొంత వ్యవహారమనుకుని వదిలేస్తారు. వాటిలో చాలా మటుకు మీకు ఆహ్వానాలే, చదవడం తెలియాలంతే.

హ్యాగుల్ అన్న మాట కనిపిస్తే, అది సభ్యులు వారంలో ఫలానా రోజు తలా కొన్ని డాలర్లు వేసుకుని ఆడే సరదా పోటీ. జట్టు తెచ్చుకోనవసరం లేదు, పేరిస్తే వాళ్ళే ఎవరో ఒకరితో కలుపుతారు. ట్వైలైట్ అంటే ఎండాకాలం సాయంత్రాల్లో 9 హోల్స్ ఆట. సెప్టెంబరు చివరి ఆదివారం నుంచి ఏప్రిల్ మొదటి ఆదివారం దాకా గడియారం ఒక గంట ముందుంటుంది. డిసెంబరు చివర్లో పొద్దు గుంకేసరికి రాత్రి ఎనిమిదిన్నర దాటుతుంది. ఐదింటికి ఆఫీసు వదిలి, ఆరుకల్లా మొదటి టీ (హోల్‌లో తొలి దెబ్బ కొట్టే చోటు) మీద నిలబడి, వెలుతురుండగానే 9 హోల్స్ ముగించి ఇంటికొచ్చి భోంచేయొచ్చు. సిటీ సెంటర్ ఉద్యోగికి ఇంతకంటే అనువైన ఆఫరు లేదు. ట్రండ్లర్ అద్దెకు అని ఉంటే, అది బ్యాగును లాక్కెళ్ళే చక్రాల బండి. న్యూజిలాండ్‌లో దాన్ని అలాగే అంటారు.

గ్రీన్స్ (కన్నం చుట్టూ నున్నగా కత్తిరించిన గడ్డి) కోరింగ్ అయ్యాయన్న కబురు వసంతంలోనూ శరదృతువులోనూ వస్తుంది. గడ్డి వేళ్ళకి గాలి అందడానికి గ్రీన్ నిండా చిన్న చిన్న కన్నాలు పొడిచి ఇసుక పోస్తారు. ఆ వారం రెండు వారాలు బంతి గెంతుతూ దొర్లుతుంది. స్కోరు కోసం ఆడేవాళ్ళు అప్పుడు రారు, కొన్నిచోట్ల రుసుమూ తగ్గిస్తారు. కొత్తగా నేర్చుకుంటున్న మీకు ఖాళీ కోర్సు, తక్కువ ధర రెండూ కలిసొస్తాయి.

సభ్యత్వం గురించి తొందరపడకండి. మొదటి ఏడాది రాయితీ, వారం మధ్యలో మాత్రమే ఆడే సభ్యత్వం, 9 హోల్స్ సభ్యత్వం, నెలవారీ వాయిదాలు వంటి ఏర్పాట్లు చాలా క్లబ్బుల్లో ఉంటాయి. అన్నీ బోర్డు మీద రాయరు. అడగందే అమ్మైనా పెట్టదు. ఫోన్ చేసి నాలుగు ప్రశ్నలు వేయండి: కొత్తవాళ్ళకి ప్రత్యేక ధర ఉందా? ఏడాది మధ్యలో చేరితే మిగిలిన నెలలకే కట్టొచ్చా? హ్యాండిక్యాప్ రుసుము అందులో కలిసే ఉందా? గ్రూపు పాఠాలు ఎప్పుడు?

సామాను మీద డబ్బు పోయకండి. నియమం ప్రకారం బ్యాగులో 14 స్టిక్కులు మించకూడదు, తక్కువ ఎన్నయినా పరవాలేదు. ఒక హైబ్రిడ్, 7 ఐరన్, 9 ఐరన్, ఒక శాండ్ వెడ్జ్, ఒక పటర్ చాలు మొదటి ఏడాదికి. ట్రేడ్ మీ వెబ్‌సైట్‌లో పాతవి దొరుకుతాయి. ఒకటి రెండుసార్లు అద్దెకు తీసుకుని ఆడి, అప్పుడు కొనండి. కాలర్ టీషర్టు, మామూలు ప్యాంటు, జారని బూట్లు చాలాచోట్ల సరిపోతాయి.

చేతులకి క్రికెట్‌ని మరపించండి

మన చేతులకి తెలిసింది క్రికెట్. అది కొంత సాయం, కొంత అడ్డం. బంతిని చూసే కన్ను, కొట్టే ధైర్యం సాయం. కుడిచేతి వాటం వాళ్ళం బ్యాట్‌ని కింద చేత్తో లాగి కొడతాం, ముందుకాలు వేసి బంతి మీదికి వెళ్తాం. గోల్ఫ్‌లో బంతి కదలదు, మనం దాని మీదికి వెళ్ళక్కర్లేదు. పాదాలు ఉన్నచోటే ఉంటాయి, నడుము తిరుగుతుంది, ఎడమ చెయ్యి దారి చూపిస్తుంది. కుడిచెయ్యి బలం చూపించిందంటే బంతి పక్కకి పోతుంది. మొదటి నెలంతా 7 ఐరన్‌తో సగం స్వింగే సాధన చేయండి: చేతులు నడుము దాకా లేపడం, నడుము దాకా దించడం. స్టిక్కుని గట్టిగా పిసక్కండి.

సాధనలో సగానికి పైగా సమయం పొట్టి దెబ్బలకి ఇవ్వండి. ఆటలో ఎక్కువ దెబ్బలు జెండాకి 100 మీటర్ల లోపలే పడతాయి. కన్నం వెడల్పు 108 మిల్లీమీటర్లు, బంతి వెడల్పు 43 మిల్లీమీటర్ల లోపే. ఇంటి కార్పెట్ మీద గ్లాసు పడుకోబెట్టి మీటరున్నర దూరం నుంచి రోజూ పదినిమిషాలు పట్ చేస్తే (పటర్‌తో బంతిని దొర్లిస్తే), డ్రైవింగ్ రేంజ్‌లో గంట కొట్టిన దానికంటే స్కోరు త్వరగా తగ్గుతుంది.

ఇక ఆక్లాండ్ నేల సంగతి. ఇక్కడ చాలా కోర్సుల్లో కికుయు గడ్డి ఉంటుంది. ఎండాకాలం దట్టంగా, జిగటగా పెరుగుతుంది. బంతి గడ్డి మీద బాగానే కూర్చున్నట్టు కనిపిస్తుంది. కిందికి చూస్తే తీగలు అల్లుకుని ఉంటాయి. స్టిక్కు తల లోపలికి దిగగానే ఆ తీగలు మెడ పట్టుకుని మెలిపెడతాయి, ముఖం ఎడమకి తిరిగిపోతుంది. అలాంటి చోట మాత్రం పట్టు కాస్త బిగించి, పొడవాటి స్టిక్కు దాచేసి, 9 ఐరన్‌తో పైనుంచి కిందికి కొట్టి ముందు ఫెయిర్‌వే (కురచగా కత్తిరించిన గడ్డి దారి) మీదికి రండి. గ్రీన్ ముందర కికుయు ఉంటే బంతిని దొర్లించాలని చూడకండి, అక్కడే పట్టేసుకుంటుంది. ఎగరేసి గ్రీన్ మీదే దించండి.

చలికాలం నేల తడిసి మెత్తబడుతుంది. బంతి పడ్డచోటే ఆగుతుంది. దూరానికి ఒక స్టిక్కు పెద్దది తీసుకోండి. క్లబ్బు ఆ రోజు బంతిని చేత్తో ఎత్తి, తుడిచి, పక్కన పెట్టుకోవచ్చని నియమం పెట్టిందేమో ముందే అడగండి. ఎదురుగాలిలో గట్టిగా కొట్టడం మనకి పుట్టే మొదటి ఆలోచన. గట్టిగా కొడితే బంతి ఇంకా పైకి లేచి గాలికి దొరుకుతుంది. ఒకటి రెండు స్టిక్కులు పెద్దవి తీసుకుని నిదానంగా కొట్టండి. ఎండ విషయంలో ఏమరుపాటు వద్దు. వేసవి మధ్యాహ్నం యూవీ సూచిక ఇక్కడ 11 దాటుతుంది. గాలి చల్లగా ఉందని టోపీ, సన్‌స్క్రీన్ మరిస్తే సాయంత్రానికి మెడ కమిలిపోతుంది.

పదే పదే పిలిచేది ఎవరిని?

బాగా ఆడేవాళ్ళకంటే, కలిసి ఆడటానికి హాయిగా ఉండేవాళ్ళకే మళ్ళీ పిలుపు వస్తుంది. ఇది మొదటి రోజు నుంచీ మీ చేతిలో ఉన్న విషయం.

చురుగ్గా ఆడండి. మీ వంతు వచ్చేసరికి ఏ స్టిక్కో తేల్చుకుని ఉండండి. నలభై సెకన్లలో కొట్టేయమని నియమావళే సూచిస్తుంది. పోయిన బంతిని వెతకడానికి మూడు నిమిషాలే గడువు. జేబులో ఇంకో బంతి, రెండు టీలు (బంతిని నిలబెట్టే చిన్న పుల్లలు) ఎప్పుడూ ఉంచుకోండి. బంతి ఎవరి వైపైనా వెళ్తుంటే సిగ్గుపడకుండా గట్టిగా "ఫోర్" అని అరవండి.

నేలని బాగుచేయండి. గ్రీన్ మీద బంతి పడి చేసిన గుంట అంచుల్ని చిన్న ఫోర్కుతో మధ్యకి నెట్టి, పటర్ అడుగుతో సమం చేయండి. మీది కాకుండా పక్కదాన్నీ ఒకటి బాగుచేయండి. లేచిపోయిన గడ్డి చెక్క చోట ఇసుక పోయండి. బంకర్ అనే ఇసుక గుంటలోంచి బయటికొస్తూ అడుగులు కనబడకుండా రేక్ లాగండి.

నిజం రాయండి. ఈ ఆటలో మామూలు రోజుల్లో అంపైరు ఉండడు. చెట్ల వెనక మీరు కొట్టిన గాలిదెబ్బ ఎవరూ చూడలేదు, లెక్కలో వేయాల్సింది మీరే. "నాది తొమ్మిది" అని మీరే చెప్పినప్పుడు కార్డు రాస్తున్న మనిషికి మీ మీద నమ్మకం కుదురుతుంది. మీ ఉద్యోగం, మీ యాస, మీ పాస్‌పోర్టు ఏవీ ఇవ్వలేని పరిచయపత్రం అది.

మాటలు ఏం మాట్లాడాలి అని బెంగ వద్దు. మంచి దెబ్బకి "గుడ్ షాట్" అనండి, చెడ్డదానికి ఊరుకోండి. మిగతాది నడక చూసుకుంటుంది. వాతావరణం, ఆల్ బ్లాక్స్, పిల్లల బడి అన్నీ వాటంతటవే వస్తాయి. చివరి గ్రీన్ మీద టోపీ తీసి అందరికీ చేతులు కలపండి. క్లబ్బుహౌస్‌లోకి రమ్మంటే పనుందని పారిపోకండి. తాగే అలవాటు లేకపోతే నిమ్మకాయ సోడా అడగండి, ఎవరూ వింతగా చూడరు. అక్కడి ఆ ఇరవై నిమిషాల్లోనే వచ్చే వారానికి పిలుపు వస్తుంది.

ఈ నెల చేయాల్సిన పనులు

మొదటి వారం: మీకు దగ్గరగా ఉన్న రెండు కోర్సులకి ఫోన్ చేసి పైన చెప్పిన నాలుగు ప్రశ్నలూ అడగండి. వారపు మెయిల్‌కి పేరివ్వండి.

రెండో వారం: స్టిక్కులు అద్దెకు తీసుకుని ఒక గ్రూపు పాఠానికి వెళ్ళండి. ఇంట్లో కార్పెట్ మీద పటింగ్ మొదలుపెట్టండి.

మూడో వారం: జనం తక్కువగా ఉండే వేళ చూసి చాంబర్లేన్ పార్క్‌లో 9 హోల్స్ ఆడండి. ముందున్న టీల నుంచే కొట్టండి. స్కోరు రాయకండి. వెనక ఎవరైనా ఆగి ఉంటే పక్కకి తప్పుకుని ముందుకు పొమ్మనండి.

నాలుగో వారం: ఒంటరిగా బుక్ చేసి, తెలియనివాళ్ళతో కలపమని అడగండి. మొదటి టీ దగ్గర ఇంతే చెప్పండి: "నేను కొత్త. త్వరగా ఆడతాను. ఎనిమిది దాటితే బంతి తీసేస్తాను." ఆ మాటతో మీ ముగ్గురు తోటివాళ్ళ ముఖాలు తేలికపడటం మీరే చూస్తారు.

ఆ తర్వాత అదే రోజు, అదే వేళ ప్రతి వారమూ వెళ్ళండి. వాన పడినా, కిందటి వారం ఘోరంగా ఆడినా వెళ్ళండి. మొదటి రోజు మీరు ఎన్ని కొట్టారో అక్కడ ఎవరికీ గుర్తుండదు. వరసగా వస్తున్న మనిషి ఎవరో అందరికీ గుర్తుంటుంది.